మధ్యలో చెడితే బాబాయ్

ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే సీనియర్ ఇంజనీరు ఏ పనైనా మొదలుపెట్టే ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: "మధ్యలో చెడితే?" పెద్దలు దీన్ని దూరదృష్టి అంటారు. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు నస అంటారు.

ఆఫీసులో పుట్టినరోజు కేకు కోయబోతే, "కత్తి విరిగితే?" అంటూ జేబులోంచి ఇంకోటి తీస్తాడు. లిఫ్టు ఎక్కబోయే నలుగురిలో ఒకణ్ణి బయటే ఆపేస్తాడు, ఇరుక్కుంటే కబురు చెప్పడానికి మనిషుండాలని. ఒకసారి ఆఫీసుకొచ్చిన పిన్ని అసలు సంగతి బయటపెట్టింది.

"నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడగడానికొస్తూ, మధ్యలో నోరు పెగలకపోతే ఉంటుందని చీటీ రాసుకొచ్చారు. పెగల్లేదు. చీటీ లాక్కుని చదువుకుని, సరేనన్నాను."

అందరూ నవ్వారు. తొమ్మిదేళ్ల విరామం తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరిన ఇంజనీరమ్మకు మాత్రం నవ్వు రాలేదు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌లో, అంటే ఆ కార్డును నడిపించే ప్రోగ్రాములో, ఆమె చేసిన మార్పు వెళ్లింది మొదలు, ఒక గ్రంథాలయం సర్వర్లు నాలుగు రోజులకోసారి మూగబోతున్నాయి. రీస్టార్ట్ చేస్తే లేస్తాయి, నాలుగో రోజు మళ్లీ అదే తంతు. ఇవాళ మూడో రోజు. సాయంత్రం ఐదింటికల్లా ఆమె దిద్దకపోతే ఆ మార్పును తీసేస్తామనీ, ఆమె ప్రొబేషన్ సంగతీ అప్పుడే తేలుస్తామనీ మేనేజరు చెప్పేశాడు.

పొద్దున్నే బాబాయ్‌ని పిలిచింది. "కాస్త చూడండి బాబాయ్, నాకు తల తిరుగుతోంది."

బాబాయ్ చూశాడు. "మధ్యలో చెడితే?" అన్నాడు.

"చెడింది కాబట్టేగా పిలిచాను!"

"అది కాదమ్మాయ్. మధ్యలో చెడితే?" అని టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఆమెకు ఒళ్లు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే ఇంకొకడు చుట్టకు నిప్పడిగాడట!

మూడున్నరకు, ఆ మంటతోనే, కోడు మళ్లీ మొదట్నుంచి చదివింది. కార్డుకు తనంతట తాను మెమరీలోకి వెళ్లే వీల్లేదు. ప్యాకెట్ అనే సమాచారపు పొట్లంలోని ప్రతి ముక్కకూ డ్రైవర్ దానికొక చిరునామా ఇవ్వాలి, పని కాగానే వెనక్కి తీసుకోవాలి. ఆమె తీసుకుంటూనే ఉంది. మరి రెండు ముక్కలకు చిరునామా దొరికి, మూడోదానికి దొరక్కపోతే? కోడు ప్యాకెట్‌ను పారేసి చేతులు దులుపుకుంటోంది. ఇచ్చిన ఆ రెంటినీ వెనక్కి అడిగే దిక్కు లేదు. అలా నాలుగు రోజులు పోగుపడితే, కార్డుకివ్వడానికి ఒక్కటీ మిగలదు.

"మధ్యలో చెడితే!" అని ఆమె పెట్టిన కేకకు ముందు వరుసవాళ్లు లేచి నిలబడ్డారు.

మధ్యలో చెడితే అప్పటిదాకా ఇచ్చినవన్నీ వెనక్కి తీసుకునేలా నాలుగు లైన్ల కోడు రాసింది. కావాలనే మూడోదాన్ని చెడగొట్టి, గంటసేపు పరీక్షించింది. ఒక్క చిరునామా కూడా తప్పిపోలేదు. ఐదింటికి మేనేజరు చూశాడు, ఆమె ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లాడు.

ఇంజనీరమ్మ తిన్నగా బాబాయ్ సీటు దగ్గరికెళ్లింది. "మీకు పొద్దున్నే తెలుసు కదూ?"

"తెలుసు."

"చెప్పొచ్చుగా!"

"చెబితే నేను దిద్దినట్టయ్యేది. మేనేజరుకు కావాల్సింది నువ్వు దిద్దడం."

"నాకు దొరక్కపోయుంటే?"

బాబాయ్ తన స్క్రీన్ ఆమెవైపు తిప్పాడు. పరీక్ష పూర్తయిన దిద్దుబాటు సిద్ధంగా ఉంది. పక్కనే మేనేజరుకు ఉత్తరం: "ఆ మార్పు చూసి సరేనన్నది నేను. ముప్పై ఏళ్లుగా అందరినీ అడిగే ప్రశ్న ఆ ఒక్కరోజు అడగడం మర్చిపోయాను. తేల్చాల్సింది నా సంగతి."

ఆమె ఉత్తరం చివరిదాకా చదివింది. "ఇది చదివీ ఆయన వినకపోయుంటే?"

"ఆయన పైనున్నావిడకు ఇంకోటి రాశాను."

"ఆవిడా వినకపోయుంటే?"

బాబాయ్ కాస్త సిగ్గుపడ్డాడు. "రేపు సెలవు పెట్టాను, ఆవిడ గది ముందు కూర్చుందామని. రెండు పూటలకూ క్యారేజీ కట్టమని ఇంట్లో చెప్పాను."