మేనమామలు ఎంతమంది?

నాకు అనుమానం ఎక్కువ. ఎవరైనా ఊరికే పలకరించినా, వీళ్ళకు నాతో ఏం పని పడిందో అని ఆలోచించే మనిషిని. కువైట్ వెళ్ళాక ఆ గుణం ఇంకా ముదిరింది. పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బీరువాలో ఉండేది. నా ఫోను మోగితే ఎవరని అడిగే హక్కు ఆ ఇంట్లో అందరికీ ఉండేది. అలాంటి చోట మనుషుల్ని నమ్మడం నాకు చేతకాలేదు.

ఇంటర్లో బైపీసీ చదివి, నర్సింగులో సీటు రాక, ఇంటి పనికి వెళ్ళినదాన్ని. ముబారక్ అల్ కబీర్‌లో ఇల్లు. అక్కడ ఇంటావిడను పనివాళ్ళమంతా మామా అంటాం. మా మామాకు అరవై దాటాయి, సుగరు, ఎడమ మడమ దగ్గర మానని పుండు. వంటకీ తుడవడానికీ ఇంకో మనిషి ఉండేది కాబట్టి పుండు పని నాకు పడింది. మొదట్లో ముక్కుకు గుడ్డ కట్టుకుని కడిగేదాన్ని. ఆర్నెల్లు తిరిగేసరికి దాని రంగు చూసి, డాక్టరు దగ్గరికి ఇవాళే తీసుకెళ్ళాలో, రేపటిదాకా ఆగొచ్చో చెప్పగలిగాను. ఆ పని మీద ఇష్టం ఎలా పుట్టిందో తెలియదు గానీ, పుట్టింది.

ఫింటాస్‌లో ఒక చిన్న క్లినిక్కులో నర్సుగా చేసే అక్క చర్చిలో పరిచయమైంది. మాది నర్సాపురం వైపు, ఆవిడది అమలాపురం వైపు. మన దగ్గర ఒక ఆసుపత్రి వాళ్ళ కాలేజీలో ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు ఉందని చెప్పింది ఆవిడే.

“డాక్టరు పక్కనే ఉండి రోగిని చూడ్డం, వివరాలు రాయడం, ఆపరేషన్లో చెయ్యందించడం. నీకు సరిగ్గా సరిపోద్దే. ఇరవై ఐదు నిండితే మాత్రం తీసుకోరంట” అంది.

అప్పటికి నాకు ఇరవై మూడు నిండాయి. అంటే రెండుసార్లు ప్రయత్నించొచ్చు. ఆ తర్వాత బతుకంతా ఇళ్ళు తుడుచుకోవాల్సిందే.

ఫారం అక్కే నింపింది. చేస్తున్న ఉద్యోగం అన్న గడి దగ్గర పెన్ను ఆపింది.

“ఇంటి పని అని రాసేద్దాం.”

“వద్దక్కా. పేషెంట్ కేర్ అని రాయి.”

“అబద్ధం కాదనుకో. నిజమూ కాదు కదే.”

“నువ్వు రాయక్కా.”

రాసింది. కోర్సులో ఎందుకు చేరాలనుకుంటున్నారో ఒక పేజీ రాసి పంపమన్నారు. అది నేనే, నాకొచ్చిన ఇంగ్లీషులో రాసుకున్నాను. అక్క ఒకసారి చూస్తానంటే ఇవ్వలేదు. అందులోని ముక్కలు తీసి ఇంకెవరికైనా రాసిపెడుతుందేమోనని నా భయం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంటర్వ్యూ ఫోనులో. ఆ వేళకు మేడ మీదికెళ్ళి, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడ్డాను. పుండ్ల గురించి, ఇన్సులిన్ గురించి, బీపీ గురించి వారం రోజులు చదువుకుని ఉన్నాను. అవతల తెలుగు మాట్లాడే డాక్టరమ్మ.

“మీకు పెళ్ళయిందా అమ్మా?”

“లేదండి.”

“అయితే మామగారు లేరన్నమాట. మేనమామలు ఎంతమంది?”

నా చెవులు సరిగ్గా విన్నాయా అనుకున్నాను. “ఎవరూ లేరండి. మా అమ్మ ఒక్కతే సంతానం.”

కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. “మేనత్త భర్తను కూడా మామయ్య అంటాం కదా. అలాంటివారు?”

“నాన్నకు అక్కచెల్లెళ్ళు లేరండి.”

“సరే. తెలియజేస్తాం” అని పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేమన్నా పెళ్ళిచూపులా? మేనమామల లెక్క దేనికి? మా ఇంటి కూపీ లాగుతున్నారంటే, ఎవరో నా గురించి ఏవో చాడీలు మోసి ఉండాలి. ఎందుకు అడుగుతున్నారండీ అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. నాకా బుద్ధి పుట్టలేదు. కిందికొచ్చేసరికి మామా ఎవరు ఫోను చేశారని అడిగింది. అమ్మ అని చెప్పాను. ఆవిడా నమ్మలేదు.

నెల తర్వాత అక్క క్లినిక్కు చిరునామాకు ఉత్తరం వచ్చింది. మీరు తెలిపిన వివరాలకూ ఇంటర్వ్యూలో చెప్పిన జవాబులకూ పొంతన లేదు కనుక సీటు ఇవ్వలేమన్నారు. ఆ ఉత్తరం చర్చి దగ్గర అక్క నా చేతికిచ్చింది. కవరు అంచు కొంచెం చిరిగి ఉంది. అంతే, నాకు అంతా తెలిసిపోయిందనుకున్నాను. పనిమనిషినై ఉండి ఫారంలో వేరే రాయించానన్న సంగతి, అది నింపిన ఆవిడకు తప్ప ఎవరికి తెలుసు?

“నువ్వే చెప్పావు కదక్కా, నేను పనిమనిషినని?”

“ఎవరికే?”

“ఏమీ ఎరగనట్టు మాట్లాడకు. నీ నర్సు ఉద్యోగం కన్నా నేను ఇంకో మెట్టు పైకెక్కుతానని నీకు కుళ్ళు.”

చుట్టూ మన ఆడవాళ్ళు పదిమంది ఉన్నారు. ఆవిడ ముఖం తెల్లబోయింది. “నీ ఇష్టం వచ్చినట్టు అనుకో” అని బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడితో ఆగానా? ఆవిడ దగ్గర మాట దాగదని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను. కొన్నాళ్ళకు ఆవిడ ఆ చర్చికి రావడం మానేసింది. తప్పు చేసింది గనకే ముఖం చాటేసిందని అదీ నా లెక్కలోనే వేసుకున్నాను.

మరుసటి ఏడు ఫారం నేనే నింపాను. పాత పేజీనే శుభ్రంగా తిరగరాసి పంపాను. ఈసారి నేరుగా రమ్మన్నారు. మాటకు పొంతన లేదన్న మనిషిని మళ్ళీ ఎందుకు పిలుస్తారు? ఎదురుగా కూర్చోబెట్టి పరువు తీయడానికేమో అనుకున్నాను. అయినా వెళ్ళాలి. అదే ఆఖరు. మామా రెండు నెలలు సెలవిచ్చి, “నువ్వు తిరిగి రావు, నాకు తెలుసు” అంది.

కాలేజీలో ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్య కుర్చీలోంచి ఫోనులో విన్న గొంతే వచ్చింది.

“మీ మామయ్యగారికి ఇప్పుడెలా ఉంది?”

నా కోపం ఆగలేదు. “పోయినేడు కూడా ఇదే అడిగారండీ. మామయ్యలు లేకపోతే సీటివ్వరా?”

ఆవిడ నా పేజీని నా ముందుకు తోసింది. “మరి ఈయనెవరు?”

మామా అన్న మాట కింద ఎర్ర గీతలు. మామా కాలికి కట్టు కట్టాను. మామా బాత్రూములో పడితే లేపి స్నానం చేయించాను. షీ అని రాయాల్సిన రెండు చోట్ల హీ అని కూడా రాసి పెట్టాను.

“పెళ్ళికాని పిల్ల మామకు స్నానం చేయించానని రాసి, ఆ మామే లేడంటే మేమేం అనుకోవాలమ్మా?”

“మామా అంటే మగమనిషి కాదండీ. మా ఇంటావిడ. కువైట్లో యజమానురాల్ని అలాగే పిలుస్తాం.”

“యజమానురాలా? పేషెంట్ కేర్ అని రాశారుగా?”

“పనిమనిషినండి” అన్నాను.

ఎవరో చెప్పేశారని ఏడాది పాటు నేను మండిపడ్డ మాట అది. దాన్ని బయటపెట్టింది నా నోరే. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. “ఆ పుండు ఎలా కడిగేవారో మొదటినుంచీ చెప్పండి” అంది. చెప్పాను. సెలైన్‌తో కడగడం, వేళ్ళ మధ్య చూడటం, వాసన మారితే ఏం చేసేదాన్నో, అన్నీ చెప్పాను. ముగ్గురూ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు.

చివర ఆవిడ ఫైలులోంచి ఒక ఉత్తరం తీసింది. “ఇది లేకపోతే మిమ్మల్ని మళ్ళీ పిలిచేవాళ్ళం కాదు” అంది.

అక్క చేతిరాత. ఈ అమ్మాయి ముక్కోపి, ఎవర్నీ నమ్మదు, కానీ అబద్ధాలకోరు కాదు, ఎక్కడో పొరపాటు జరిగింది, ఒక్కసారి ఎదురుగా కూర్చోబెట్టి అడగండి, అని రాసింది. తేదీ చూశాను. నేను చర్చి దగ్గర అన్ని మాటలన్న తర్వాతి వారం.

సీటు వచ్చింది. ఆ కాగితం చేతిలో పట్టుకునే ఎస్టీడీ బూతుకు వెళ్ళి కువైట్‌లో అక్క ఉండే గదికి ఫోను చేశాను. మూడోసారికి ఎత్తింది.

“అక్కా, నేను. సీటొచ్చింది.”

“మంచిదే. బాగా చదువుకో” అంది.

“అక్కా, నేను నిన్ను...”

“డ్యూటీకి టైమవుతోంది, ఉంటాను” అని పెట్టేసింది.

ఆ రోజు శుక్రవారం. శుక్రవారం అక్క క్లినిక్కు తెరవరు.