తెర మీది పేరు నాది కాదు

కువైట్ మిర్కాబ్‌లో మా టైపింగ్ దుకాణం ఎంత ఇరుకంటే, లోపలికి వచ్చిన మనిషి వెనక్కి తిరగాలన్నా ముందు నేను కుర్చీ జరుపుకోవాలి. పదకొండేళ్లుగా అక్కడే కూర్చుంటున్నాను. సర్కారు కాగితాలు అరబ్బీలో నింపడం నా పని. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు గడువు పొడిగించుకోవడం, అడ్రసు మార్చుకోవడం, పాస్‌పోర్టు పోయిందని అర్జీ పెట్టుకోవడం, ఇలాంటివి. మాది రాయచోటి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. చిన్నప్పుడు మదరసాలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న అక్షరాలే ఇక్కడ నాకు అన్నం పెడుతున్నాయి. మొదట్లో దుకాణంలో రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులం. రెండో ఆయన సెలవు మీద కేరళ వెళ్లి మళ్లీ రాలేదు. ఆయన కుర్చీ ఖాళీగా కనిపిస్తే నాకు చిరాకు. అందుకే దాని మీద ప్రింటరు కాగితాల కట్టలు పెడతాను.

వచ్చేవాళ్లు పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి ఫోను చూసుకుంటూ నిలబడతారు. ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరి భార్య పేరేమిటో అన్నీ నాకు తెలుస్తాయి. నా పేరు అడిగినవాళ్లు మాత్రం ఈ పదకొండేళ్లలో ఐదారుగురు ఉంటారేమో. అందులో ఒకరు రుమైథియాలో ఇంటిపని చేసే ఒకామె.

ఆమెది మా జిల్లాయే, మా ఊరికి గంట ప్రయాణం. రెండేళ్ల కిందట చలికాలంలో కొత్త కఫీల్, అంటే కొత్త యజమాని, ఇంటి డ్రైవరుతో వచ్చింది. పాత యజమాని వదిలేస్తే కొత్త ఇంట్లో చేరిందట. అడ్రసు మార్చాలి. నేను హిందీలో ప్రశ్నలు అడుగుతుంటే ఆమె నా ఉచ్చారణ పట్టేసింది.

"నువ్వు మా పక్కోడివి గదన్నా?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ రోజు టీ తెప్పించాను. టీ ఖరీదు కూడా లెక్క చూసుకునే మనిషినని నన్ను ఎరిగినవాళ్లు అంటారు, కానీ ఆ రోజు తెప్పించాను. ఫారం పూర్తయ్యాక ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచీ అడుగున తోసింది.

"ఈ అడ్రసు ఎవురికీ తెలియనియ్యొద్దన్నా. నీకు పుణ్యముంటాది" అంది.

"నేనెవురికి చెప్తానమ్మా? నాతో మాట్లాడేదెవురు?" అన్నాను.

హాస్యానికే అన్నాను. ఆమె మాత్రం నవ్వలేదు. నా ముఖంలోకి ఒక నిమిషం చూసి, పేరు అడిగింది. పాత యజమాని గొడవ చేస్తాడని భయపడుతోందేమో అనుకున్నాను. అడిగి తెలుసుకోలేదు. అడిగి ఉంటే ఇప్పుడు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ తరువాతి వేసవిలో మా దగ్గరికి తరచూ వచ్చే మందూబ్ ఒక చీటీ తెచ్చాడు. మందూబ్ అంటే కంపెనీల కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఇతను ఏ ప్రభుత్వ ఉద్యోగీ కాడు. కాకపోతే దేశంలో ఉన్నవాళ్ల అడ్రసులు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయంలో ఒక గుమాస్తాతో దోస్తీ ఉంది. ఆ గుమాస్తా పని ఎక్కువై విసిగిపోయి, చిన్నాచితకా దిద్దుబాట్లు మీరే చేసుకోండని తన యూజర్ పేరు, పాస్‌వర్డు ఇతనికి ఇచ్చేశాడట. హోటల్ బిల్లు వెనక బాల్‌పెన్నుతో రాసి ఉన్నాయి. ఇతనికి అరబ్బీ మాట్లాడటం వచ్చు గానీ టైపు చేయడం రాదు, కాబట్టి ఆ చీటీ నా కంప్యూటరు పక్కన గోడకు అంటించాడు. దేశం మొత్తం కాగితాలున్న గదికి తాళంచెవి, మా దుకాణంలో కరెంటు బిల్లు పక్కన వేలాడింది.

"పట్టుబడితే?" అన్నాను హిందీలో.

"నీ పేరు ఎక్కడుంది భాయ్? ఏం చేసినా ఆయన పేరే పడుతుంది" అన్నాడు.

ఆ పాస్‌వర్డుతో తెరవగానే పైన "స్వాగతం" అని ఆ గుమాస్తా పేరు వచ్చేది. నేను ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. పొద్దున్నే నన్ను పలకరించేది ఆ తెర ఒక్కటే, అదీ ఇంకొకరి పేరుతో. మొదటి వారం తలుపు వైపు చూసుకుంటూ టైపు చేసేవాణ్ని. రెండో వారానికి అలవాటైపోయింది. నిజానికి ఏ అధికారైనా వచ్చి నన్ను అడుగుతాడని ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఆ గుమాస్తా నెల రోజులు సెలవు మీద వెళ్లినప్పుడు కూడా నేను ఆయన పేరుతో పని చేస్తూనే ఉన్నాను. సెలవులో ఉన్న మనిషి ఇంత పని ఎలా చేస్తున్నాడని కూడా ఎవరికీ సందేహం రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా దుకాణం మూత. బయట ఎండకు రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. నా గది హవల్లీలో, వెళ్లి రావడానికే సమయం సరిపోతుంది, అందుకని షట్టరు సగం దించి లోపలే కూర్చుంటాను. ఆ మూడు గంటలూ నేను మనుషుల్ని వెతకడం మొదలుపెట్టాను. ముందు నా పేజీయే తెరిచాను. పదకొండేళ్ల నాటి నా ఫొటో, నల్లటి జుట్టుతో. తరువాత కేరళ ఆయన్ని వెతికాను. "దేశంలో లేరు" అని వచ్చింది. ఒకప్పుడు నాతో గదిలో ఉండి, చెప్పకుండా మారిపోయినవాడు ఫహాహీల్‌లో ఉన్నాడని తెలిసింది. ఫోను నంబరు కూడా ఉంది. చేయలేదు. ఏమని చేస్తాను? నీ కాగితాలు చూశానని చెప్పనా?

దొంగతనం చేస్తున్నానని అప్పుడు నాకు అనిపించలేదు. పరాయి ఇళ్ల కిటికీల్లోంచి తొంగి చూసేవాణ్ని తిట్టే మనిషిని నేను. మరి ఇది అదే కదా అని ఒక్కసారి కూడా తట్టలేదు. మనుషుల మధ్య ఉన్నట్టుగా ఉండేది, అంతే.

ఆ సంగతి నా కడుపులో దాచుకోవాల్సింది. దాచుకోలేదు. ఒకసారి కడప ఆయనొకరు పాస్‌పోర్టు పని మీద వచ్చి, వరుసకు బావమరిది ఒకడు ఎక్కడున్నాడో తెలియడం లేదని వాపోతే, రెండు నిమిషాల్లో అడ్రసు రాసి ఇచ్చాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మరుసటి శుక్రవారం బిర్యానీ పంపించాడు. ఇక మాట పాకింది. మిర్కాబ్‌లో రాయచోటి భాయ్ ఉన్నాడు, ఎవరినైనా వెతికి పెడతాడు అని. జనం నన్ను వెతుక్కుంటూ రావడం నా బతుకులో అదే మొదలు. అందరూ నా పేరు పెట్టి పిలిచేవాళ్లు. రెండో కుర్చీ మీద కాగితాల కట్టలు తీసి కింద పెట్టాను, కూర్చోవడానికి.

ఒకరోజు ఒకతను వచ్చి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. నీళ్ల ట్యాంకరు తోలుతానన్నాడు. చేతిలో ఖాకీ టేపు చుట్టిన పొట్లం.

"ఊరి నుంచి వచ్చినోళ్లు తెచ్చినారన్నా. మా అక్కకు మాయమ్మ పంపించింది. నిప్పట్లు, ఇంత గోంగూర ఊరగాయ. అక్క ఫోను నంబరు మార్చినట్టుండాది. ఇల్లు యాడుందో సూసి చెప్తే, ఇచ్చి పోతా."

పొట్లం మీద పేరు తెలుగులో రాసి ఉంది. చదవగానే నాకు రుమైథియా ఆమె ముఖం గుర్తొచ్చింది.

ఈ పొట్లాల సంగతి ఒక మాట చెప్పాలి. మా వైపు నుంచి కువైట్ వచ్చే ఏ మనిషీ తన సామాను ఒక్కటే తెచ్చుకోడు. ముక్కూ మొహం తెలియనివాళ్ల పొట్లాలు నాలుగైదు ఉంటాయి. దిగాక శుక్రవారమో శనివారమో బస్సుల్లో తిరిగి ఇళ్లు వెతికి ఇచ్చి వస్తాడు. ఇచ్చేదాకా వాడికి నిద్ర పట్టదు. పొట్లం అడ్రసు అడిగితే చెప్పనివాడు మా వాళ్లలో పుట్టలేదు. నాకు కూడా వచ్చేవి. అమ్మ పోయాక కట్టేవాళ్లు లేరు. ఎవరి పొట్లమైనా చూస్తే నాకు ముందు అసూయ, ఆ తరువాత దాన్ని చేర్చాలనే ఆత్రం.

"ఆ చెల్లెలు నాకు తెలుసు. ఇక్కడే నిలబడి టీ తాగిపోయింది" అన్నాను గొప్పగా.

పేరు కొట్టాను. బ్లాకు, వీధి, ఇంటి నంబరు. చీటీ మీద రాసి ఇచ్చాను. దారి కూడా చెప్పాను. అతను పొట్లం మూల విప్పి రెండు నిప్పట్లు నా చేతిలో పెట్టి వెళ్లాడు. నువ్వులు, కారం సరిగ్గా పడ్డాయి. నమిలి తిన్నాను. ఎవరికీ తెలియనియ్యొద్దన్న ఆమె మాట ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పుట్టింటి పొట్లానికి ఆ మాట వర్తించదులే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

మూడు వారాల తరువాత ఆమె వచ్చింది. అదే డ్రైవరు బయట కారులో ఉన్నాడు. ఆమె చేతిలో ఇఖామా రద్దు చేయించుకునే కాగితం. ఎడమ చెంప మీద ఇంకా పసుపుపచ్చగా కమిలి ఉంది.

"మామా పంపించేస్తాండాదన్నా. ఖలాస్" అంది. మామా అంటే పనిచేసే ఇంటి యజమానురాలు.

కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. అప్పుడు చెప్పింది. ఇది మొగుడి పని. కొట్టి కొట్టి చంపుతుంటే, కువైట్‌కు వస్తే తప్పించుకోవచ్చని వచ్చింది. వెనకే అతనూ వీసా సంపాదించుకుని వచ్చాడు. మొదటి ఇంటి గేటు దగ్గర గొడవ చేస్తే ఆ కఫీల్ వదిలేశాడు. రుమైథియా ఇంట్లో ఏడాదిన్నర భయం లేకుండా అన్నం తినింది. ఇప్పుడు అక్కడికీ వచ్చాడు. మొదటి రోజు పొట్లం పట్టుకుని వస్తే, పిల్లలు గేటు తీశారు. నా దగ్గర తమ్ముణ్నని చెప్పినవాడు ఆ మొగుడే. తరువాత రోజూ వచ్చాడు. చెత్త పారేయడానికి బయటికి వెళ్లినప్పుడు పట్టుకుని కొట్టాడు. మామా మంచిదే. కానీ చిన్నపిల్లలున్న ఇల్లు, ఈ గొడవ మాకొద్దని టికెట్ తీసిచ్చింది.

"వానికి ఎవురు చెప్పినారో అర్థం కాలేదన్నా. ఇంట్లో పిల్లోల్లకు గూడా నా ఊరు తెలియదు. సర్కారు కంప్యూటర్లో ఎవురు సూసిండేదీ తెలుస్తాదంట, మామా చెప్పె. నువ్వు సూడగలవా?"

నేను తెర వైపు తిరిగాను. మీటలు నొక్కాను. ఆమె పేజీ తెరిచి, ఏదో వెతుకుతున్నట్టు పైకీ కిందికీ జరిపాను. అందులో ఎవరు చూశారో కనిపించదు. కనిపించినా గుమాస్తా పేరే ఉంటుంది. ఆ సంగతి తెలిసీ, ఆమె కళ్ల ముందు నిమిషం సేపు ఆ నాటకం ఆడాను. ఇప్పుడు తలుచుకున్నా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"ఏం కనపల్లేదమ్మా" అన్నాను.

"పోనీలే. నా కర్మ. ఇక్కడ నా ఇల్లు తెలిసింది నీకు ఒక్కనికే. నీ మీద నాకు అనుమానం ల్యా. నువ్వే అంటివి గదన్నా, నాతో మాట్లాడేదెవురని."

నోరు తెరిచాను. నేనే చెప్పానమ్మా అనే మాట నాలుక దాకా వచ్చింది. రాలేదు. ఆమె తిట్టి పోతే నాకు మిగిలే ఆ ఒక్క మనిషీ మిగలదని భయపడ్డాను. అంత పిరికివాణ్ని నేను. ఆమె కాగితం టైపు చేసి, డబ్బు తీసుకోకుండా ఇచ్చాను. ఆమె దానికి కూడా నాకు దండం పెట్టింది.

తలుపు దగ్గర ఆగింది.

"ఊరికి పోనన్నా. వాడు వెనకే వస్తాడు. ఇంకో తావుకు పోతాండా. యాడికో నీకు గూడా చెప్పను, ఏమనుకోవద్దు. నీ మీద నమ్మకం ల్యాక కాదు."

"చెప్పొద్దమ్మా" అన్నాను.

ఆ రోజే చీటీ గోడ మీంచి పీకి మందూబ్‌కు ఇచ్చేశాను. చించేద్దామనుకున్నాను గానీ, దాని ఫొటో అతని ఫోనులో ఉందట. "నీకేమైంది? నిన్నెవరైనా అడిగారా?" అన్నాడు. ఎవరూ అడగలేదు. అదే చెప్పాలని చూశాను, అతనికి అర్థం కాలేదు. ఇప్పుడు ఆ చీటీ హవల్లీలో ఇంకో దుకాణంలో ఉందని విన్నాను. అక్కడ ఎవరు కూర్చుంటారో, వాళ్ల దగ్గరికి ఎవరు ఏ పొట్లంతో వస్తారో నాకు తెలియదు.

ఎవరినైనా వెతికి పెట్టమని ఇంకా కొందరు వస్తున్నారు. నా దగ్గర లేదంటే కోపంగా వెళ్లిపోతారు. కుర్చీ మీద మళ్లీ కాగితాల కట్టలు పెట్టాను. మధ్యాహ్నం షట్టరు సగం దించి ఊరికే కూర్చుంటాను. ఆమె ఎక్కడుందో తెలుసుకోవాలని ఎంత ఉన్నా, తెలుసుకునే దారి లేనందుకు సంతోషిస్తాను.

ఆ రోజు ఆమె పేజీ తెరిచింది నేనని ఏ కంప్యూటర్లోనూ లేదు. అక్కడ ఉన్నది నా ముఖం ఎప్పుడూ చూడని ఆ గుమాస్తా పేరు. ఆమె కూడా నన్ను అనుమానించలేదు. తెరిచింది నేనే. చీటీ రాసి ఇచ్చింది కూడా ఈ చేత్తోనే.