పొయ్యి వెలిగించని ఇంట్లో కాఫీ వాసన

దయ్యాలను నేను నమ్మను. నమ్మేవాళ్ళతో జీవితమంతా పోట్లాడాను. ఐదో తరగతితో బడి మానేసి, మిగిలిందంతా లైబ్రరీల్లో నా అంతట నేనే చదువుకున్నవాణ్ణి. అలాంటివాడికి ఎవరైనా మాయమాటలు చెబితే ఒళ్ళు మండుతుంది. ఇది చదివి మీకూ మండితే తప్పు పట్టను.

టొరంటోకు ఉత్తరాన మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. పక్కింటి డానీ యూదుడు, మహా నిష్ఠగలవాడు. ఇజ్రాయెల్‌లో పుట్టి, అక్కడి సైన్యంలో చేసి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాడు. యుద్ధం వస్తే రిజర్వు సైనికుడిగా ఇప్పటికీ పిలుస్తారు. పిలిస్తే వెళ్తాడు.

శుక్రవారం పొద్దుగూకేటప్పుడు వాళ్ళకు శబ్బాతు అనే విశ్రాంతి దినం మొదలు. మరునాడు చీకటి పడేదాకా నిప్పు ముట్టించరు, స్విచ్ వేయరు. ఆ పని చేసిపెట్టమని పక్కవాణ్ణి నోరు తెరిచి అడగనూ కూడదట, మాటవరసకు అన్నట్టు అనాలట. పరిచయమైన కొత్తలో ఒక శనివారం వచ్చి, "అంకుల్, మా ఇంట్లో ఏసీ మరీ చల్లగా ఉంది" అన్నాడు.

"అదృష్టవంతుడివి నాయనా, మా అమ్మాయి నన్ను ఏసీ ముట్టుకోనివ్వదు" అన్నాను.

పాపం, అలాగే వెళ్ళిపోయాడు. తరువాత అతని భార్య లేయా సంగతి విడమరిచి చెప్పి ఒకటే నవ్వు. అప్పటినుంచి శుక్రవారం భోజనానికి మమ్మల్ని పిలిచేవారు.

ఒకసారి అలా పిలుపొచ్చి వెళ్ళిన డానీ యుద్ధం నుంచి తిరిగొచ్చాక, జూన్‌లో అనుకుంటాను, మమ్మల్ని మళ్ళీ భోజనానికి పిలిచారు. కిటికీలో ఇంకా వెలుతురుంది. డానీ ద్రాక్షరసం పోసిన వెండి గ్లాసు ఎత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే నాకు ఏలకులు వేసిన కాఫీ వాసన వచ్చింది. కాగి కాగి అడుగంటిన వాసన.

"ఏమ్మా, పొయ్యి మీద కాఫీ మాడుతున్నట్టుంది" అన్నాను.

"శబ్బాతు రోజు పొయ్యేమిటి అంకుల్?" అంది లేయా. "పైగా మా ఇంట్లో ఏలకులే లేవు."

వంటింట్లోకి వెళ్ళి చెయ్యి పెట్టి చూశాను. పొయ్యి చల్లగా ఉంది.

"నాన్నా, నీ ముక్కు కూడా రిటైర్ అయిపోయింది" అంది మా అమ్మాయి.

డానీ మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టేశాడు. ప్రార్థన లేయా పూర్తి చేసింది.

నన్ను మా గుమ్మం దాకా దిగబెడుతూ డానీ చెప్పాడు. యుద్ధం జరిగేచోట ఒక ఊళ్ళో, మనుషులు వదిలిపోయిన ఇంట్లో అతని దళం మకాం పెట్టింది. పొయ్యి మీద కాఫీ గిన్నె అలాగే ఉంది, అడుగున ఏలకులు మాడిపోయి. శుక్రవారం సాయంత్రం ఆ ఇంటివాళ్ళ బల్ల మీదే రొట్టె, ద్రాక్షరసం పెట్టి ఇతను ప్రార్థన చదివాడు. పరాయివాడి దగ్గర లాక్కున్నదాని మీద దేవుణ్ణి స్తుతిస్తే అది స్తుతి కాదు, దూషణ అని వాళ్ళ ధర్మంలో ఉందట. ఇంటికి వచ్చిన దగ్గరనుంచీ గ్లాసు ఎత్తితే చాలు, అదే వాసన. భార్యకు కూడా చెప్పలేదు.

"మా గురువుగారిని ఆ బల్ల సంగతి అడిగాను. యుద్ధంలో ప్రాణాలు కాపాడుకోవడానికి అదంతా చెల్లుతుంది, నీ తప్పు లేదన్నారు. వాసన నా బుర్రలోదే అనుకున్నాను అంకుల్. మరి మీకెందుకొచ్చింది?"

చెల్లుతుందని చెప్పేవాళ్ళ మీద నాకు కోపమొచ్చింది. ఏ మతంలోనైనా, ఏ సర్కారులోనైనా, చెల్లుతుందనేవాడు ఆ బల్ల దగ్గర కూర్చోడు.

ఆకులు రాలే కాలంలో డానీకి సైన్యం నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఒకరోజు వెళ్ళనన్నాడు. ఇంకోరోజు, "నేను పోకపోతే నా బదులు ఇంకొకడు అలాంటి ఇంట్లోకి అడుగుపెట్టాలి కదా" అన్నాడు. చివరికి వెళ్ళాడు.

క్షేమంగానే వచ్చాడు. కానీ ఇప్పుడు గ్లాసు ముట్టడు. లేయా చదువుతుంది, అతను తలదించుకుని ఆమెన్ అంటాడు. తరువాత నా వైపు చూస్తాడు. లేదని తల ఊపుతాను. నిజంగానే నాకు మళ్ళీ ఆ వాసన రాలేదు. అతను నమ్మడు.

అంత దూరాన మాడిన కాఫీ నా ముక్కుకెలా తగిలిందో ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకలేదు. పొయ్యి మీద గిన్నె పెట్టుకుని, తాగకుండానే ఇల్లు వదిలిపోయిన ఆ మనుషులు ఎక్కడున్నారో చెప్పే పుస్తకం కూడా ఏదీ లేదు.