ఎడమ టర్నౌటు, కుడి టర్నౌటు

ఆ రోజుల్ల కంప్యూటర్ ఆన్ చేసుడు వచ్చినోడే మా గల్లీల పెద్ద ఇంజినీరు. రెండువేల సంవత్సరం దాటి ఒకటి రెండేండ్లు అయి ఉంటది. నేను మూడు నెలల కోర్సు చేసి, ఛత్రినాకల ఒక చిన్న ప్రైవేటు బడిల కంప్యూటర్ సార్‌గ చేరిన. ఉన్నయే మూడు కంప్యూటర్లు, అండ్ల ఒకటి ఎప్పుడు చూసినా రిపేర్లనే. పిల్లలు చెప్పులు ఇడిసి లోపటికి వచ్చేటోళ్లు, నేను మాత్రం బూట్లేసుకొని తిరిగేటోణ్ని (సార్ బూట్లకు దుమ్ము ఉండదని నా నమ్మకం). 'తెల్వదు' అనే మాట నా నోట్లకెళ్లి వచ్చేది కాదు. ఇప్పుడైతే రోజుకు పదిసార్లు అంటున్న, పాణం హాయిగ ఉన్నది. అప్పుడు గా మాట అంటే కొలువే పోతదనిపించేది.

ఒకరోజు పెద్దమేడం (బడి ఆమెదే) నన్ను పిలిచి టేబుల్ మీద ఒక పెద్ద డబ్బా చూపించింది. లాడ్ బజార్ల గాజుల దుకాణం సేటు మనవరాలు మా బడిలనే చదువుతుండె. ఆ సేటు తమ్ముడు దుబాయి నుంచి పంపిన ఆట రైలు అది. ఇంజను, మూడు డబ్బాలు, సంచి నిండ పట్టాల ముక్కలు, ఒక సీడీ. "పదిహేను రోజులల్ల మన ఎగ్జిబిషన్. ఈ సీడీల సాఫ్ట్‌వేర్ ఉన్నదంట, పట్టాలు ఎట్ల పరవాలెనో దాంట్లనే గీయాలెనంట. నువ్వు గీసియ్యి, మేస్త్రీ టేబుల్ చేసి బిగిస్తడు. ఇది మంచిగైతే నిన్ను పర్మనెంట్ చేస్త. వస్తది కద?" అన్నది. "ఎందుకు రాదు మేడం!" అన్న. బయటికొచ్చినంక చెమట తుడుసుకున్న.

సాఫ్ట్‌వేర్ తెరిస్తే తెర మీద ఒక ఖాళీ టేబుల్, పక్కన పట్టాల ముక్కల పేర్లు. మౌస్‌తోని ఒక్కో ముక్క గుంజుకొచ్చి పెట్టాలె. రెండు ముక్కలు కలిస్తే ఆకుపచ్చ చుక్క, కలవకపోతే ఎర్ర చుక్క. నేను గుండ్రంగ పెట్టుకుంట పోయిన. పద్నాలుగు ముక్కలు పెట్టినంక చివర్ల ఏలెడు సందు మిగిలింది. ఒక ముక్క తీస్తే సందు జానెడైంది. ఇంకో ముక్క ఎక్కిస్తే పట్టా పట్టా మీదికెక్కింది. మూడు రోజులు గదే లొల్లి. కండ్లు మూసుకుంటే కూడ ఎర్ర చుక్కలే కనవడేవి. నాలుగోరోజు చెయ్యి జారి ఏందో నొక్కిన, చుక్కలన్నీ ఆకుపచ్చగైనయి. ఏం నొక్కిననో ఇప్పటికీ తెల్వదు.

అసలు పరేషానీ అప్పుడు మొదలైంది. సంచిల ఇంకో రెండు ముక్కలు మిగిలినయి, ఒక్క దిక్కు మొదలై రెండుగ చీలే పట్టాలు. లిస్టుల వాటి పేర్లు 'టర్నౌట్ లెఫ్ట్', 'టర్నౌట్ రైట్' అని ఉన్నయి. డిక్షనరీ తీసి చూసిన. 'టర్నౌట్ అనగా సభకు హాజరైన జనం' అని ఉన్నది. ఓహో, ఎగ్జిబిషన్ చూడనీకి వచ్చే జనం నిలవడే జాగలన్నమాట, ఎడమ దిక్కు కొందరు, కుడి దిక్కు కొందరు! ఇంగ్లీషోళ్లు ఎంత ముందుచూపుతోని చేస్తరు అని మెచ్చుకొని, ముందటి పట్టాకు ఎడమ కొసకు ఎడమది, కుడి కొసకు కుడిది పెట్టి ప్రింటు తీసిన.

టేబుల్ చేసే మా వడ్ల మేస్త్రీది కిషన్‌బాగ్, అందరం చాచా అనేటోళ్లం. ఆయన ప్రింటు పట్టుకొని మస్తుసేపు చూసి, "సార్, గీ రెండు పట్టాలు టేబుల్ బయటికి కైకు పోతున్నయ్?" అన్నడు.

"అది పబ్లిక్ కోసం చాచా."

"పబ్లిక్ పట్టా మీద నిలవడతదా?"

"సాఫ్ట్‌వేర్‌ల గట్లనే ఉన్నది చాచా."

"కంప్యూటర్ బోలే తో ఠీక్, అదే చెప్పినంక నేనేమంట," అని చెవి మీది పెన్సిల్ తీసిండు పాపం.

ఎగ్జిబిషన్‌కు రెండు రోజులుందనంగ పెద్దమేడం ముందట రైలు నడిపించి చూసినం. ఒక చుట్టు మంచిగనే తిరిగింది. మేడం చప్పట్లు కొట్టింది. ఆ సంబురంల టేబుల్ మీద చెయ్యి ఆనించిన, ఆ చీలిక పట్టా పక్కనున్న చిన్న పుల్ల నా చేతికి తాకి పక్కకు జరిగింది. రెండో చుట్టుల రైలు మూల కాడ సీదా పోకుంట పక్కకు మళ్లి, నేను పబ్లిక్ కోసం పెట్టిన తొవ్వల పోయి, టేబుల్ దాటి, చాచా జిగురు డబ్బల బుడుంగున పడ్డది. ఎనుకనే మూడు డబ్బాలు. "వైరస్ మేడం," అన్న. మేడం నా దిక్కు చూసి, జిగురు దిక్కు చూసి, లేసి పోయింది.

చాచా, నేను ఇంజనుకు జిగురు తుడిసినం. ఆ ప్రింటు మడతపెట్టుకొని ఇంటికి పోయిన. పొద్దుగాల మా బాపు చాయ్ తాక్కుంట ఆ కాయితం ఇప్పి చూస్తుండు. మా బాపు రైల్వేల కాంటావాలా, అంటే రైలు ఏ పట్టా మీదికి పోవాలెనో గుంజి మార్చేటాయన. రైలు పని నెత్తిన పడ్డ పదమూడు రోజులల్ల ఆయనను ఒక్క మాట అడగాలెనని నాకు తోచలేదంటే, నేను ఎంత చదువుకున్నోణ్నో మీరే సమజ్ చేసుకోవాలె.

"ఏందిరా, కాంటాలు రెండు ఉల్టా ఏసిండ్రు? బండి ఊరిడిసి ఎటు పోవాలె?"

"అవి కాంటాలు కాదు బాపూ, టర్నౌట్లు. జనం నిలవడే జాగ."

బాపు గ్లాసు కింద పెట్టిండు. నవ్వుతడనుకున్న, నవ్వలే. "ముప్పై ఏండ్ల సంది నేను గుంజేది గదేరా," అని మాత్రం అన్నడు. జేబుల పెన్ను తీసిండు. "ఇటుది అటు, అటుది ఇటు ఎయ్యి. నోర్లు ఎదురుబొదురు ఉండాలె. రెండు కొసలు నడిమిట్ల కలుపు. లూప్ లైన్ అయితది, ఒక బండిని ఆపి ఇంకోదాన్ని ఇడవొచ్చు." నేను తల ఊపిన. అర్థమైందా అంటే, సగం.

ఆ రోజు బాపు సెలవు పెట్టి నా ఎంబడి బడికి వచ్చిండు. ఆయన, చాచా కలిసి మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టిండ్రు. నేను మొలలు అందించిన. ఎగ్జిబిషన్ నాడు బాపు ఇస్త్రీ అంగీ ఏసుకొని టేబుల్ కాడ నిలవడి, ఏలుతోని ఆ చిన్న పుల్ల కదిపితే రైలు చెప్పినట్టు విన్నది. జనం మూగిండ్రు. పెద్దమేడం గాజుల సేటుతోని, "మా కంప్యూటర్ సార్ డిజైన్!" అన్నది. బాపు అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టిండు. చాచా నా దిక్కే చూస్తుండు. "నాది కాదు మేడం, మా బాపుది. నాకు తెల్వదు," అన్న. నా జీవితంల గా మాట అన్నది అదే మొదటిసారి. కొలువు పోలే, ఆ నెలనే పర్మనెంట్ చేసిండ్రు. ఎందుకు చేసిండ్రో అదీ తెల్వదు.

తర్వాతి శనివారం బాపు, "గా సాఫ్ట్‌వేర్ నాకూ చూపియ్యిరా," అన్నడు. బడికి తీస్కపోయి కూసోవెట్టిన. ఆయన చెప్తుంటే నేను మౌస్ గుంజిన. మెయిన్ లైన్, లూప్, యార్డు, గూడ్స్ సైడింగ్... రెండు గంటలల్ల తెర నిండింది. ఏది ఎందుకో నాకు సమజ్ కాలే, అన్నిటికీ "హా బాపూ" అన్న. అంతా అయినంక, "గిండ్ల చాయ్ దుకాణం ఏడుంటది?" అని అడిగిండు. లిస్టంత ఎతికిన, లేదు. ప్లాట్‌ఫారం కొసకు నేనే ఒక చిన్న డబ్బా గీసి, అండ్ల ఇంగ్లీషు అక్షరాలతోని 'చాయ్' అని కొట్టిన. బాపు తెర దగ్గరికి వంగి చూసి, "హా, ఇప్పుడు స్టేషన్ లెక్క ఉన్నది," అన్నడు. ఆ రెండు గంటలల్ల ఆ బూట్లేసుకున్న సార్‌కు, అంటే అప్పటి నాకు, సొంతంగ వచ్చిన పని గదొక్కటే. మస్తు గర్వంగ కూసున్నడు పిచ్చోడు, మొత్తం రైల్వేను వాడే గీసినట్టు.