పోలినాయుడి ఏడో కప్పు

మలయాలో సుంగై పెటాని దగ్గర మా రబ్బరు తోట గుమస్తా పోలినాయుడు పరుగుపందెంలో చాంపియనంట! ఆరేళ్లు వరసగా కప్పు ఆడిదే.

మలయాలో తెల్లోళ్లు పెట్టిన ఎమర్జెన్సీ రోజులవి. అడవిలో కమ్యూనిస్టులకి అందిపోతాదని మేముండే ఇళ్ల కంచె గేటు దాటి పిడికెడన్నం పట్టుకెళ్లనిచ్చేవోరు కాదు. మేం తెల్లారగట్లే వెళ్లి, మూడొందల చెట్లు గీసి, పాలు మోసి, మద్దేనం ఆకలితోనే పందేనికి నిలబడేవోళ్లం. ఆడు ఆఫీసు కుర్చీలో కూకొని, ఇంట్లో వేడన్నం తినొచ్చి మమ్మల్ని ఓడించేవోడు. ఏటి మొనగాడో!

యాభైయేడులో మెర్డెకా వచ్చింది. స్వతంత్రం పండగని తోటకి సెలవిచ్చి, ఆ రోజే పందెం పెట్టినారు. అందరం కడుపునిండా తిని పరిగెత్తినాం. పోలినాయుడు అందరికన్నా ఆఖరున వచ్చినాడు, నలుగురు పిల్లల తల్లి పాపమ్మ తరవాత. కాలు బెణికిందన్నాడు.

మరుసటేడు పందేన్ని మళ్లీ పనిరోజుకి మార్పించినాడు, సిగ్గులేనోడు. ఏడో కప్పూ ఆడిదే.