సుమలత తీసిన కొట్టాలు

కోదాడ బస్టాండు వెనకాల ఒక ఫోటో స్టూడియోలో సుమలత ఆరేళ్ళు పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసింది. ఎవరో తీసిన ఫోటోల్లో పెళ్ళికూతుళ్ళ మొహాలు తెల్లగా చేయడం, వెనకాల ప్లాస్టిక్ కుర్చీలు చెరిపేయడం ఆమె పని. ముప్ఫైకి దగ్గరపడుతుండగా ఒక పాత కెమెరా కొనుక్కుంది. మనుషుల్ని తీయాలంటే బెరుకు. కొట్టాలైతే కదలవు, నవ్వమని అడిగే పనిలేదు. ఆదివారం పొద్దున చర్చి ఎగ్గొట్టి, స్కూటీ మీద మఠంపల్లి దాకా పోయి, కూలబోయే పశువుల కొట్టాల ఫోటోలు తీసుకొచ్చేది.

స్టూడియోలో కెమెరా పట్టే జీవన్ వయసులో చిన్నవాడే గానీ పనిలో పెద్ద. ఆ ఫోటోలు చూసి నవ్వాడు.

"ఏందక్కా, అన్నీ నడిమిట్లనే పెట్టినవ్? ఆధార్ కార్డు ఫోటోనా ఇది? కొట్టాన్ని జర పక్కకు జరుపు. ఖాళీ జాగ వదులు. సూసేటోని కన్ను లోపలికి నడిచిపోవాలె."

సుమలత నేర్చుకుంది. పెండ ఎండిన నేల మీద మోకాళ్ళేసి, గుంజలు వంకరపోకుండా, తలుపు చట్రంలోంచి చీకటిని ఎంత చూపాలో, గోడ మీది వెలుగును ఎక్కడ తెంపాలో తెలుసుకుంది. ఏడాది తిరిగేసరికి ఇన్‌స్టాలో ఆమె కొట్టాల కోసమే ఎదురుచూసేవాళ్ళు తయారయ్యారు.

వాళ్ళలో క్రాంతి ఒకడు. ఉండేది మిర్యాలగూడలో. నడిగూడెం అవతల సొంతూళ్ళో తాతలనాటి కొట్టం ఉంది. పెళ్ళికి ముందు జంటలు వచ్చి ఫోటోలు దిగేందుకు దాన్ని కిరాయికి ఇద్దామనుకున్నాడు. ముందుగా జనానికి చూపించడానికి మంచి ఫోటోలు కావాలని సుమలతకు ఫోన్ చేశాడు. ఆమె పేరు మీద వచ్చిన మొదటి పని అది.

ఇంట్లో ఊరి పేరు చెప్పగానే, అన్నం తింటున్న తండ్రి సైదులు చేయి ఆగింది.

"ఎవరి కొట్టం?"

"పటేలోళ్ళదంట నాయినా."

సైదులు పళ్ళెం పక్కకు జరిపాడు. "ఒక్కదానివే పోకు బిడ్డా. నేను గూడ వస్త. గా కెమెరా స్టాండు మోస్త."

చిన్నతనంలో ఆయన ఎక్కడో పశువుల దగ్గర జీతం ఉన్నాడని ఆమెకు తెలుసు. ఎక్కడ, ఎన్నేళ్ళు అని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

క్రాంతి దగ్గరుండి చూపించిన కొట్టం ఆమె ఊహించినదానికంటే బాగుంది. నల్లబడ్డ వేపదూలాలు, పశువులు మూతులు రుద్ది రుద్ది నునుపు చేసిన రాతి గాడి, పెంకుల సందుల్లోంచి సన్నగా దిగుతున్న ఎండ. సుమలత ఆ మూలకూ ఈ మూలకూ తిరిగింది. ఎక్కడ నిలబడ్డా ఏదో ఒకటి కుదరలేదు. తండ్రి గుమ్మం దగ్గరే నిలబడి అన్నాడు.

"గాడి పక్కకు పో బిడ్డా. జరసేపట్ల పొద్దు మూడో గుంజ మీద పడతది."

పడింది. చెప్పినట్టే, మూడో గుంజ మీద, పసుపు పూసినట్టు. ఆమె సంబరంగా వెనక్కి తిరిగి "నీకెట్ల తెలుసు నాయినా?" అంది. ఆయన బదులు చెప్పేలోపే క్రాంతి నాయనమ్మ రుక్మిణమ్మ చేతికర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. కళ్ళు చికిలించి చూసింది.

"నువ్వు సైదిగానివి గాదూ? బతికే ఉన్నవా!"

సైదులు చెప్పులు విడిచాడు. భుజం మీది కండువా ఎప్పుడు చంకలోకి పోయిందో సుమలత చూడనేలేదు. "నీ దయ దొరసానమ్మా," అన్నాడు.

రుక్మిణమ్మ నిజంగానే సంతోషపడింది. మనవడిని పిలిచి చెప్పింది. "ఎనిమిదేండ్ల పోరడు, గింత ఉండె. పదకొండేండ్లు ఈడనే జీతమున్నడు. ఓసారి దూడ తాడు తెంపుకొని చేన్ల పడ్డదని మీ తాత వీని కాలికి తాడేసి గా మూడో గుంజకే కట్టేసిండు, రెండు దినాలు. నేను పోయి సూస్తునా, దూడకేసిన తవుడు తింటున్నడు! ఎంత నవ్వుకున్నమో."

క్రాంతి నవ్వాడు. సైదులు కూడా నవ్వాడు. తండ్రి అలా నవ్వడం సుమలత ఎన్నడూ చూడలేదు.

క్రాంతికి అప్పుడే ఆలోచన వచ్చింది. పొద్దుటి నుంచీ 'అంకుల్' అంటున్నవాడు, "సైదులూ, ఒక్క ఫోటో," అన్నాడు. "గొంగడి కప్పుకొని గా గుంజకాడ నిలబడు. చేతిల తాడు పట్టుకో. అక్కా, వట్టి కొట్టం ఎవరైనా తీస్తరు. అసలు మనిషే దొరికిండు గదా!"

'వద్దు' అనే మాట సుమలత నోట్లోనే ఉంది. తండ్రి అప్పటికే గుంజ దగ్గరికి నడిచాడు. ఎవరో గొంగడి తెచ్చి కప్పారు. ఆమె కెమెరాకు కన్ను ఆనించింది. ఒకసారి ఆనించాక అందులో కనిపించింది తండ్రి కాదు. ఎడమవైపు గుంజ, కుడివైపు చీకటి, మధ్యన ఖాళీ, తాడు మీద ఎండ. ఏడాదిగా ఏ కొట్టంలోనూ కుదరనిది కుదిరింది. ఆయన కళ్ళల్లో మెరుపొక్కటే అడ్డం వస్తోంది.

"నాయినా, జర తల దించు."

ఆయన దించాడు.

స్కూటీ మీద తిరిగొస్తుంటే నడిగూడెం దగ్గర ఆయన టీ తాగుదామన్నాడు, తాగారు.

క్రాంతి ఇన్‌స్టాలో ఆ ఫోటో పెట్టిన నాలుగు రోజులకే వేలమంది చూశారు. 'అసలైన పల్లె' అని రాశారు. జంటలు వరస కట్టారు. వారానికి సుమలత ఫోన్ చేసి తీసెయ్యమంది.

"గంత మంచి ఫోటో ఎందుకక్కా తీసేసుడు? మీ నాయినకు గూడ పేరే గదా," అన్నాడు క్రాంతి. దాన్నే పెద్ద ఫ్లెక్సీ కొట్టించి గేటు దగ్గర కట్టాడు.

తమ ఊళ్ళో టీకొట్టు దగ్గర కుర్రాళ్ళు ఫోను చూపించి, "సైదులు తాతా, హీరో అయినవ్‌లే," అన్నారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు.

"తల దించుమని నువ్వెందుకన్నవ్ బిడ్డా?"

"వెలుగు... కళ్ళల్ల మెరుపొచ్చింది నాయినా. అందుకే."

ఆయన తలూపాడు. "గాడ నాకు అందరూ గదే చెప్పిండ్రు. నువ్వు గూడ అంటవనుకోలే."

అంతే. కోపం లేదు, తిట్టు లేదు. అన్నం పెట్టమన్నాడు. సుమలత వడ్డిస్తుంటే చారు కింద ఒలికింది. ఆయనే గుడ్డ తెచ్చి తుడిచాడు.

ఆ నెలాఖరున క్రాంతి మళ్ళీ పిలిచాడు, ఒక జంట వస్తోందని. రానని చెప్పడానికే సుమలత ఫోనెత్తింది. వస్తానంది. ఈసారి స్టాండు తనే మోసుకుపోయింది. పెళ్ళికూతురు మూడో గుంజకు ఆనుకుని నిలబడి, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలని అడిగింది. సుమలత చూపించింది.