బెజ్జం వేయకుండా బిగించిన ఏరియల్

మాస్టారు పోయారని మంగళవారం పొద్దున పొన్నూరు నుంచి ఫోన్ వచ్చింది. మీలో చాలామందికి ఆయన దగ్గర సైన్సు చదివిన గుర్తుంటుంది. ఇంట్లో వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, మాట ముగించేటప్పుడు 'ఓవర్' అనే ఇంగ్లీషు ముక్క వాడకుండా "నాదయింది, ఇక మీరు చెప్పండి" అనే మనిషి. నాకు మాత్రం ఆయన్ని తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. ఎందుకో రాస్తాను.

పదేళ్ల కిందట తుఫాను వస్తోందనగానే, ఫోన్లు పోతే కబుర్లు అందించడానికి ఆయన నా పికప్ అడిగారు. మిర్చి బస్తాలు యార్డుకు తోలడానికి కొన్న కొత్త బండి. సెట్టు లోపల పెట్టి, ఏరియల్ పైన బిగించాలన్నారు.

"బెజ్జం వేస్తే ఒప్పుకోనండీ!" అన్నాను, ఆయన వయసైనా చూడకుండా.

ఆయన నవ్వారు. "నీ బండికి ఈగ వాలనివ్వనులేవయ్యా." బానెట్ అంచుకు ఇనుప క్లాంపు పట్టించి, స్క్రూలు బిగించి, ఊళ్లోని మండలాఫీసులో ఉన్న ఇంకో సెట్టుతో మాట్లాడి చూశారు. బాగానే పలికింది. ఆయన టీకి వెళ్లగానే నేను స్క్రూలు వదులు చేసి, రంగు గీసుకుపోకుండా క్లాంపు కింద సైకిల్ ట్యూబు ముక్క దూర్చాను. అంత తెలివి నాది!

మర్నాటికి, అమ్మా అన్నయ్యా ఉన్న మా ఊరి చుట్టూ నీళ్లు. పొన్నూరు నుంచి మాస్టారూ నేనూ బండిలో కాలువ కట్ట దాకా వెళ్లగలిగాం. ఊళ్లోంచి ఈదుకుంటూ వచ్చిన ఒకతను చెప్పాడు: "మీ అమ్మకి ఆయాసం ఎక్కువైందిరా. మీ అన్న స్కూలు డాబా మీదికి ఎక్కించాడు. పడవ కావాలి."

పడవ పంపమని మాస్టారు మండలాఫీసును పిలిచారు. అవతలివాళ్ల మాట మాకు వినబడుతోంది, మా మాట వాళ్లకు చేరడం లేదు. బ్యాటరీ వైర్లు మార్చారు. కేబులు విప్పి మళ్లీ కట్టారు. నేను ఆ వానలో దేవుళ్లందరినీ తిడుతూ నిలబడ్డాను.

"ఏరియల్ దగ్గర ఏమైనా కదిపావా?"

"లేదండీ." రబ్బరు ముక్కకీ మాటకీ ఏం సంబంధం అనుకున్నాను.

గంట పోయింది. చివరికి ఆయనే క్లాంపు విప్పారు. ట్యూబు ముక్క చూశారు, నన్ను చూశారు, దాన్ని జేబులో వేసుకున్నారు. స్క్రూడ్రైవరుతో రంగు గీకి, ఇనుము ఇనుముకు తగిలేలా బిగించారు; ఏరియల్‌కి బండి ఇనుము తగిలితేనే మన మాట బయటికి పోతుందట. మొదటి పిలుపుకే జవాబు వచ్చింది.

పడవలో మేమూ వెళ్లాం. అమ్మ అన్నయ్య ఒళ్లో ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

"ఇంతసేపు ఏం చేశార్రా?" అని అన్నయ్య అరిచాడు.

"తప్పు నాదయ్యా. ఏరియల్ సరిగా బిగించలేదు" అన్నారు మాస్టారు.

తర్వాత నేను ఒంటరిగా ఆయన కాళ్ల మీద పడితే, "అమ్మ ఎలాగూ పోయింది. అన్నదమ్ములైనా మిగలండి" అన్నారు. ఈ పదేళ్లూ అన్నయ్య ఆయన ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. ఆయన మాత్రం ప్రతిసారీ తానే ముందు పలకరించేవారు. నేను చూస్తూనే ఉన్నాను. అంత పిరికివాణ్ణి.

మంగళవారం ఫోను పెట్టేసి అన్నయ్యకు అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కండువా తీసుకుని పొన్నూరు బస్సెక్కాడు.

నేను వెళ్లేసరికి పాడె లేస్తోంది. ముందు కొమ్ము అన్నయ్య భుజం మీద ఉంది. శ్మశానం దాకా ఎవరు అడిగినా ఇవ్వలేదు. చివర్లో నేను దగ్గరికి వెళ్లి, "అన్నయ్యా, కాసేపు నేను పట్టుకుంటాను" అన్నాను. నావైపు చూడలేదు. భుజం సర్దుకుని ముందుకు నడిచాడు.